ఎడమచేతివానికి కుడిచేతి పాఠము

ఎడ్లతో సేద్యము చేసిన మన పెద్దలు ఏ యెద్దును ఎలపట కట్టవలెనో, దేనిని దాపట కట్టవలెనో బాగుగ నెఱుగుదురు. దాపట అలవడిన యెద్దును ఎలపట కట్టినచో అది మొండికెత్తును, లేదా చాలు తప్పును. తప్పు ఎద్దుది కాదని రైతునకు తెలియును. కావున దానిని కొట్టడు, ప్రక్క మార్చి కట్టును. పశువుల విషయమున మనకు గల యీ వివేకము బిడ్డల విషయమున లేకపోవుట వింతగ నున్నది. ఎడమచేత కలము పట్టిన బాలుని చూచి 'చేయి మార్చు' మందుము. ఎడమచేత బంతి విసరిన బాలికను చూచి నవ్వుదుము. 'పుఱ్ఱచేతివాడు' అని తోడిపిల్లలు ఎగతాళి చేయుచుండగా విని ఊరకుందుము.

ఈ సంచికలో నేను కలమును గూర్చి కాక పిడికిలిని గూర్చి కొన్ని మాటలు వ్రాయదలచితిని. నిజామాబాదు వాస్తవ్యురాలగు నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబులునందును, 2023లో ఢిల్లీయందును ప్రపంచ విజేతగా నిలిచిన పిమ్మట, ముష్టియుద్ధము, అనగా బాక్సింగు, నేర్చుకొనవలెనను కోరిక మన తెలుగు బాలబాలికలలో కొందఱికైనను కలుగుట సహజము. వారిలో ఎడమచేతివాటము గలవారును ఉందురు. మనుష్యులలో ఇంచుమించు పదిమందికి ఒకరు ఎడమచేతివాటమువారని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. ఆ లెక్కన నలువదిమంది గల తరగతిలో నలుగురుందురు. ఆ నలుగురిని బరిలో ఎట్లు నిలువబెట్టవలెను, వారికి మొట్టమొదట ఏమి నేర్పవలెను అనునది ప్రశ్న. నా అభిప్రాయమును ముందుగనే చెప్పివేయుచున్నాను: వారి చేయి మార్పరాదు, అయితే వారికి మొదట నేర్పవలసినది వారి బలమైన ఎడమచేతి గుద్దు కాదు, కుడిచేతి జ్యాబ్.

ఈ విద్య యెఱుగని తల్లిదండ్రుల కొఱకు కొంత వివరించుట అవసరము. కుడిచేతివాటము గల యోధుడు ఎడమ పాదమును, ఎడమ చేతిని ముందుంచి, బలమైన కుడిచేతిని గడ్డము చెంత నుంచుకొని నిలుచును. ఎడమచేతివాటము గలవాడు దీనిని తారుమారు చేసి, కుడి పాదమును, కుడిచేతిని ముందుంచి, బలమైన ఎడమచేతిని వెనుక నుంచుకొనును. ఈ రెండవ విధమున నిలుచువానిని ఆంగ్లమున 'సౌత్‌పా' యందురు. ముందున్న చేతిని, మోచేయి ప్రక్కకు లేవకుండ, తిన్నగా చాచి కొట్టి వెంటనే వెనుకకు తీసికొను గుద్దునకు 'జ్యాబ్' అని పేరు. ఇది సాధారణముగా ప్రత్యర్థిని పడగొట్టు దెబ్బ కాదు. గ్రుడ్డివాని చేతికఱ్ఱ త్రోవను తడవి చూచినట్లు ఇది దూరమును తడవి చూచును. మీదికి వచ్చువానిని నిలుపును. వాని కన్నుల యెదుట ఒక్క క్షణము తెరవేయును. వెనుకచేతికి దారి తెఱచును.

కుడివాటమువారిద్దఱు ఎదురైనప్పుడు జ్యాబునకు దారి దొరకుట అంత కష్టము కాదు. విద్యార్థులారా, ఈ ప్రయోగమును మీరే చేసి చూడుడు. ఇద్దఱు ఎదురెదురుగా ఎడమ పాదములను ముందుంచి, పిడికిళ్లెత్తి నిలువుడు. ఒకని ముందుచేయి రెండవవాని వెనుకచేతికి ఎదురుగా నుండును. ముందుచేతులు వేఱు వేఱు ప్రక్కల నుండుటచే ఒకదానికొకటి అడ్డురావు. ఇప్పుడు మీలో ఒకడు కుడి పాదమును ముందునకు తెచ్చి నిలుకడ మార్చవలెను. తక్షణమే మీరిద్దఱును మనిషియు, అద్దములోని వాని నీడయు వలె అగుదురు. ముందుపాదముల వ్రేళ్లు ఒండొంటికి తగులబోవును. ముందుచేతులు రెండును గాలిలో ఎదురుపడి ఒకదాని త్రోవను మఱియొకటి మూయును. ప్రత్యర్థి ముఖమునకు ముందు వాని గ్లవు, దాని వెనుక వాని ముంజేయి, దాని వెనుక వాని భుజము గోడవలె నిలుచును. వెనుకచేతులకు మాత్రము నడుమ దారి తెఱచుకొనును. అది ఉభయులకును తెఱచుకొను దారియని మఱవరాదు. ఎడమవాటమువాని ఎడమచేయి ఎంత సూటిగా పోవునో, కుడివాటమువాని కుడిచేయియు అంత సూటిగానే వచ్చును.

ఈ చిక్కును చూచి ఉపాధ్యాయులు సాధారణముగా రెండు మార్గములలో ఒకదానిని త్రొక్కుదురు. ఆ రెండును నాకు సమ్మతములు కావు.

మొదటిది, బాలుని నిలుకడనే మార్చివేయుట. 'అందఱివలె ఎడమ పాదము ముందుంచుము. అప్పుడు నీకు నేర్పుట సులభము' అని చెప్పుదురు. ఈ పద్ధతిని సమర్థించువారి పక్షమున కొంత న్యాయము లేకపోలేదు. 1992లో బార్సిలోనా ఒలింపిక్ క్రీడలలో స్వర్ణపతకము గెలుచుకొనిన అమెరికా యోధుడు ఆస్కార్ డి లా హోయా పుట్టుకతో ఎడమచేతివాటమువాడే. అయినను కుడివాటపు నిలుకడతోనే పోరాడెను. బలమైన ఎడమచేయి ముందుండుటచే అతని జ్యాబు మిక్కిలి పదునైనదిగా పేరొందెను. కావున నిలుకడ మార్చుట ఎల్లప్పుడును హానియని నేను వాదింపను. కాని ఎవరి మేలు కొఱకు మార్చుచున్నాము అనునదే ప్రశ్న. బాలుడు రెండు విధములను కొన్ని వారములు అభ్యసించి, ఏది తనకు హాయిగ నున్నదో తెలిసికొని ఎంచుకొనినచో అది విద్య. ఉపాధ్యాయునకు ఒక్కటే పాఠము వచ్చును గనుక అందఱును దానికే ఒదుగవలెననుట విద్య కాదు. కొలత తీయకుండ అందఱికి ఒకే చొక్కా కుట్టుట వంటిది.

రెండవ మార్గము మొదటిదానికంటె మోసకరమైనది. బాలుని ఎడమవాటముననే నిలువనిచ్చి, 'నీకు జ్యాబుతో పనిలేదు, అది వాని చేతికి తగిలి ఆగిపోవును. నీ యెడమచేతిని నమ్ముకొనుము' అని చెప్పుదురు. బాలుడు సంతోషించును. మొదటి పోటీలలో గెలుచును గూడ. ఏలయనగా ఎదుటివారు వానివంటివానిని ఎన్నడును చూచి యుండరు. కుడివాటమువాడు ప్రతిదినమును కుడివాటమువారితోడనే అభ్యాసము చేయును. ఎడమవాటమువాడును ప్రతిదినము కుడివాటమువారితోడనే అభ్యాసము చేయును. అందుచే వీరిద్దఱు ఎదురైననాడు ఒకనికి అంతయు పరిచితము, మఱియొకనికి అంతయు క్రొత్త. 2019లో ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులు వేలకొలది వృత్తియోధుల వివరములను పరిశీలించి, సామాన్య జనులలో కంటె యోధులలో ఎడమవాటమువారు హెచ్చుగా నున్నారనియు, వారు గెలుచుటయు కొంత హెచ్చనియు ప్రకటించిరి. కొందఱు శాస్త్రజ్ఞులు దీనికి ఎడమవాటమువారి అరుదుతనమే కారణమని భావింతురు.

అరుదుతనము అరువు సొమ్ము వంటిది. చేతిలో నున్నంతసేపు ధనవంతునివలె తిరుగవచ్చును గాని, అది మనది కాదు. పోటీల స్థాయి పెరిగిన కొలది ఎదుటివారు ఎడమవాటపు సహచరులను తెచ్చుకొని అభ్యాసము చేసి వత్తురు. వారికి వీని యెడమచేయి ఎప్పుడు వచ్చునో, ఏ దారిని వచ్చునో ముందే తెలియును. ఆనాడు జ్యాబు లేని ఎడమవాటమువాడు తలుపు తట్టకుండ ఇంటిలోనికి దూకువానివలె దూరమును ఎఱుగక మీదికి దూకును. దూకినవానికి ఎదురుగా ఆ తెఱచిన దారిలో కుడిచేయి వచ్చును. ఇన్నాళ్లు వానిని మెచ్చుకొనిన ఉపాధ్యాయుడు 'వీనిలో పస లేదు' అనును. బాలుడును అట్లే తలంచి విద్యను విడుచును. వానిలో పస లేకపోలేదు. వానికి పాఠమే సగము చెప్పబడినది.

ఇక ఆ సగము పాఠ మేమి? ఎడమవాటమువాని జ్యాబు ఎట్లు తగులును? దానిని నాలుగు భాగములుగ చెప్పవచ్చును: పాదము, ముందుచేయి, నటన, తిరుగురాక.

మొదటిది పాదము. గుద్దు చేతిలో పుట్టునని పిల్లలు తలంతురు. అది పాదమున పుట్టును. ఎడమవాటమువాడు తన కుడి పాదమును ప్రత్యర్థి యెడమ పాదమునకు వెలుపల, అనగా తన కుడిప్రక్కకు, ఉంచుటకు యత్నింపవలెను. అప్పుడు వాని తల ప్రత్యర్థి కుడిచేతి సూటిదారినుండి తొలగును. ప్రత్యర్థి కొట్టవలెనన్నచో తన శరీరమునే త్రిప్పుకొనవలసి వచ్చును. అడుగు చిన్నదిగ నుండవలెను. ముందుపాదము నేలను తాకుటయు, గ్లవు గుఱిని తాకుటయు ఒక్క క్షణమున జరుగవలెను. అప్పుడే శరీరపు బరువు గుద్దులోనికి వచ్చును. వెనుక పాదము అంతే దూరము వెంట రావలెను. పాదములు రెండును దగ్గఱకు చేరినచో చిన్న త్రోపునకే పడిపోవుదురు.

అయితే ఈ వెలుపలి పాదమును వేదవాక్కుగ పట్టుకొనరాదు. ప్రత్యర్థియు ఆ స్థానమునే కోరును. ఇద్దఱును దానికే పాకులాడినచో గానుగెద్దులవలె చుట్టుచుందురే గాని ఒక్క గుద్దైన తగులదు. ప్రత్యర్థి వెలుపలి స్థానమును కాపాడుకొనుటలో నిమగ్నుడై యున్నప్పుడు, లోపలి ప్రక్కనుండియే నడుమదారిని జ్యాబు పంపవచ్చును. కాని ఆ స్థానము వాని కుడిచేతికి దగ్గఱ. అందు నిలువరాదు, తాకి తొలగవలెను.

రెండవది ముందుచేయి. ప్రత్యర్థి గ్లవు దారికి అడ్డుగ నున్నదని చెప్పితిని గదా. అడ్డమును చూచి వెనుదీయుట కంటె దానితో పని చేయించుట మేలు. దానికి మూడు త్రోవలు గలవు. తన గ్లవు పైనున్నచో, వాని గ్లవును తేలికగ తాకి క్రిందికి దించి, దాని మీదుగా జ్యాబు పంపవచ్చును. తన గ్లవు క్రిందనున్నచో, వాని ముంజేతి లోపలిప్రక్కగా, బొటనవ్రేలు పైకుండునట్లు, ఈటెవలె పొడువవచ్చును. వాడు తాకుటకు చేయి చాచినప్పుడు, తన చేతిని చిన్న సున్నవలె చుట్టి, వాని చేయి గాలిని తాకునట్లు చేసి, ఆ ఖాళీలో కొట్టవచ్చును. ఒక్క హెచ్చరిక: తాకుట వేఱు, పట్టుకొనుట వేఱు. ప్రత్యర్థి చేతిని పట్టి లాగుట నియమభంగము. అట్లే, మూసిన పిడికిటి వ్రేలిముడుల భాగము తగిలిన గుద్దే లెక్కకు వచ్చును. గ్లవు లోపలిభాగముతో చఱచినది లెక్కకు రాదు. చేతులు పెనగుచుండగా చఱచు అలవాటు ఎడమవాటపు పిల్లలకు త్వరగా అబ్బును. దానిని మొదటి దినముననే మాన్పింపవలెను.

మూడవది నటన. ఎడమవాటమువానిని చూచిన ప్రతివాడును వాని యెడమచేతికే భయపడును. ఆ భయమును వాడుకొనవలెను. ఎడమ భుజమును, తుంటిని కొంచెము కదల్చినంతనే ప్రత్యర్థి గ్లవులు కాపుదలకు కదలును, బరువు వెనుకకు పోవును. ఆ క్షణమున జ్యాబు తగులును. అది రెండు మూడు పర్యాయములు తగిలిన పిమ్మట వాడు జ్యాబునకే భయపడును. అప్పుడు నిజముగా ఎడమచేయి తగులును. ఒకచేయి భయపెట్టగా రెండవచేయి తగులుట, పిదప అవి పాత్రలు మార్చుకొనుట, ఇదియే ఈ విద్యలోని తర్కము. ఇంకను, ఒక్క జ్యాబుతో ఆగరాదు. మొదటిది వాని గ్లవును కదల్చును. ఆ వెంటనే వచ్చు రెండవది ముఖమును చేరును. ముఖమునకు దారి లేనప్పుడు ఱొమ్మునకు కొట్టవచ్చును. అప్పుడు నడుము వంపక మోకాళ్లు వంచి, కన్నులు ప్రత్యర్థి మీదనే యుంచవలెను. ముఖము కదలును, చేతులు కదలును. ఱొమ్ము అంత సులభముగ కదలదు.

నాలుగవది తిరుగురాక. పంపుట యెంత ముఖ్యమో, చేతిని ఇంటికి తెచ్చుకొనుటయు అంత ముఖ్యము. చేయి పోయిన దారినే తిరిగి రావలెను. క్రిందికి జాఱుచు రారాదు. చాచినప్పుడు కుడి భుజము గడ్డమును కప్పవలెను. ఎడమ గ్లవు చెంపను విడువరాదు. కుడిచేయి క్రిందికి జాఱినచో దాని మీదుగా ప్రత్యర్థి కుడిచేయి వచ్చును; కుడిప్రక్కకు తొలగునప్పుడు వాని యెడమచేతి హుక్కు, అనగా ప్రక్కనుండి వంపుగ వచ్చు గుద్దు, కాచుకొని యుండును. 2012 డిసెంబరు 8వ తేదీన లాస్ వేగాస్ నగరమున, ఎడమవాటపు యోధులలో లోకప్రసిద్ధుడగు ఫిలిప్పీను దేశీయుడు మ్యానీ పాక్వియావ్, మెక్సికో దేశీయుడగు హువాన్ మాన్యుయెల్ మార్క్వెజ్‌తో నాలుగవసారి తలపడెను. ఆరవ రౌండు ముగియబోవుచుండగా పాక్వియావ్ ముందునకు దూకెను. ఆ దూకుటలోనే మార్క్వెజ్ కుడిచేతి సూటిగుద్దు తగిలి నేలకొరిగెను. అంతటివానికే ఒక్క అడుగు అట్లు చెల్లింపవలసి వచ్చినచో, మన పాఠశాల బాలుని మాట చెప్పనేల?

జ్యాబు ఎడమవాటమువానికి పనికిరాదనువారికి వాదముకంటె ఉదాహరణములే తగిన ప్రత్యుత్తరము. 1984లో లాస్ ఏంజిలిస్ ఒలింపిక్ క్రీడలలో స్వర్ణపతకము పొంది, పిమ్మట నాలుగు బరువు తరగతులలో ప్రపంచ బిరుదములు గెలిచిన పెర్నెల్ విటేకర్ ఎడమవాటమువాడు. అతడు ఒక్క గుద్దుతో పడగొట్టు బలశాలిగా పేరొందలేదు. చిక్కకుండుటకును, చక్కని కుడిచేతి జ్యాబునకును పేరొందెను. ఉక్రేయిను దేశీయుడగు ఒలెక్సాండర్ ఉసిక్‌ను చూడుడు. 2021 సెప్టెంబరు 25వ తేదీన లండను నగరమున తనకంటె పొడుగును బరువును హెచ్చుగా గల ఆంథనీ జాషువాను అతడు ఓడించెను. 2024 మే నెలలో రియాద్ నగరమున అంతకంటెను పొడగరియగు టైసన్ ఫ్యూరీని ఓడించెను. పొడగరుల యెదుట పొట్టివాని జ్యాబు చెల్లదని లోకము తలంచును. కాని ఇతడు పాదములతో దూరమును దొంగిలించి, కుడిచేతితో వారిని నిలువనీయక, ఎడమచేతికి సమయము సంపాదించుకొనెను. మన దేశమున మణిపురమునకు చెందిన మేరీ కోమ్ ఎడమవాటపు నిలుకడతోనే ఆరు పర్యాయములు ప్రపంచ విజేతయై, స్త్రీల ముష్టియుద్ధమునకు మొదటిసారి స్థానము లభించిన 2012 లండను ఒలింపిక్ క్రీడలలో కాంస్యపతకము తెచ్చెను.

పాతకాలపు ఉదాహరణము ఒకటి కూడ చెప్పుట మన పాఠశాలకు తగియుండును. అమెరికాలో టైగర్ ఫ్లవర్స్ అను నల్లజాతి యోధుడుండెను. అతడు ఎడమవాటమువాడు, తన సంఘమున డీకనుగా పరిచర్య చేసినవాడు. 1926లో హ్యారీ గ్రెబ్‌ను ఓడించి, మధ్యమ బరువు తరగతిలో ప్రపంచ బిరుదము పొందిన మొదటి నల్లజాతీయుడాయెను. చర్మపు రంగు చేతను, చేతివాటము చేతను లోకము ప్రక్కకు నెట్టదగిన మనుష్యుడు, తన నిలుకడను మార్చుకొనకయే శిఖరమెక్కెను.

ఇక పాఠశాలలో దీనిని నేర్పు విధానమును గూర్చి. ట్రైనింగు కళాశాలలో మేము మొదట నేర్చిన సూత్రము, తెలిసినదానినుండి తెలియనిదానికి, సులభమైనదానినుండి కఠినమైనదానికి పోవలెనని. ఆ సూత్రమే ఇచ్చటను చెల్లును. మొదటి నెలలో గ్లవులు అక్కఱలేదు. నేలపై సుద్దముక్కతో ఒక గీత గీసి, గీతకు ఇరుప్రక్కల ఇద్దఱిని నిలిపి, ముందుపాదమును వెలుపలికి చేర్చుట మాత్రమే ఆటగా నేర్పవలెను. రెండవ నెలలో ఒకరి ముందుభుజమును మఱియొకరు తెఱచిన అరచేతితో తాకు ఆట పెట్టవలెను. ఎవరు ముందు తాకుదురో వారికి ఒక గుణము. ఈ ఆటలో చేతితో చేయి పెనగుట, నటన, తిరుగురాక అన్నియు నొప్పి లేకుండ అబ్బును. ఆ తరువాతనే ఇసుకసంచి, తోడివాడు పట్టిన మెత్త. ఎడమచేతి గట్టిగుద్దును, కుడిచేతి జ్యాబు కుదిరినదని ఉపాధ్యాయుడు ఒప్పుకొనిన దినమున నేర్పవలెను. ఈ క్రమమున కుడివాటపు పిల్లలకును లాభము గలదు: ఎడమవాటమువానిని ఎదుర్కొనుట వారికిని చిన్నతనముననే తెలియును. ఒకనికై చేసిన ఏర్పాటు తరగతికంతకును ఉపకరించుట మంచి విద్యకు గుఱుతు.

ఇచ్చట కొందఱు తల్లిదండ్రులు, 'అయ్యా, పిల్లలచేత గుద్దులాట ఆడించుట మంచిదేనా?' యని అడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే అది. 2011లో అమెరికా, కెనడా దేశముల బాలవైద్యుల సంఘములు, తలకు తగులు దెబ్బలవలన మెదడునకు హాని కలుగునను కారణముచేత, బాలబాలికలకు ముష్టియుద్ధము తగదని ప్రకటించినవి. ఆ మాటను నేను తేలికగ తీసికొనను. కావుననే పాఠశాలలో తలకు దెబ్బ తగులు అభ్యాసము ఉండరాదని నా దృఢాభిప్రాయము. పైన చెప్పిన గీతయు, భుజము తాకు ఆటయు, ఇసుకసంచియు ఒక్క దెబ్బయైన తలకు తగులకుండ కాలును, కంటిని, ఓర్పును పెంచును. అటుపిమ్మట పోటీలకు పోవుట, మానుట తల్లిదండ్రులు బాగుగ విచారించి నిర్ణయింపవలసిన సంగతి. ఒకవేళ బాలుడు పోటీలకే పోయినచో, జ్యాబు నేర్చినవాడును, నేర్వనివాడును సమానముగ దెబ్బలు తినరు. ఎడమవాటమువాడును కుడివాటమువాడును తలపడినప్పుడు పాదములు త్రొక్కుకొనుటయు, తలలు ఢీకొనుటయు సామాన్యము. దూరమును చేతితో కొలువనేర్చినవాడు గుడ్డిగా దూకడు. దూకనివానికి ఆ యపాయము తక్కువ. కావున జ్యాబును ముందుగ నేర్పవలెననుట గెలుపు కొఱకు మాత్రమే చెప్పిన మాట కాదు. బిడ్డ క్షేమము కొఱకు చెప్పిన మాట.

'జ్యాబు కుదురుటకు సంవత్సరము పట్టును. అంతలో పోటీలు దాటిపోవును. ఎడమచేతితోనే ఈ యేడు పతకము వచ్చునప్పుడు ఎందులకు ఆలస్యము?' అని శిక్షకులు అందురు. ఆ తొందర నాకు తెలియని తొందర కాదు. పరీక్షకు నాలుగు ప్రశ్నలు బట్టీపెట్టించి ఉత్తీర్ణుని చేయుటకును, లెక్క నేర్పుటకును గల భేదమే ఇదియు. బట్టీపెట్టినవాడు ఈ యేడు దాటును. ప్రశ్న మాఱిన యేడు ఆగిపోవును. గోడమీద వ్రేలాడు పతకము పాఠశాలకు చెందును. సగము నేర్చిన విద్య బాలునితోడనే పోవును. ఈ రెంటిలో దేనికొఱకు మనము వానిని చేర్చుకొంటిమో పెద్దలు ఆలోచింపవలెను.

ఎడమచేతివాటము గల నా విద్యార్థులారా, చివరి మాట మీతో చెప్పుదును. మీ చేయి తప్పు చేయి కాదు. దానిని చూచి నవ్వువారికి మీరు జవాబు చెప్పనక్కఱలేదు. కాని ఆ చేయి అరుదైనదని గర్వించి, దానిమీదనే ఆధారపడి సోమరులు గాకుడు. మీ బలము ఎడమచేత నున్నది. మీ చదువు కుడిచేత నున్నది. నవ్వువారు నవ్వుచుండగనే పాదమును ఒక అంగుళము వెలుపలికి చేర్చుటయు, గ్లవును తాకి దించుటయు, పోయిన దారినే చేతిని తెచ్చుకొనుటయు దినమునకు నూఱుసార్లు చేయుడు. మొదటి నెలలో అది తగులదు. రెండవ నెలలో గ్లవునకు తగులును. ఓర్పుతో సాగించినచో ఒకనాడు గుఱికి తగులును. నాటినుండి ఎదుటివాడు మీ రెండు చేతులను చూచి ఆలోచింపవలసి వచ్చును.